‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్‌డ్ డిజైర్’: నాటకం, చలనచిత్రం – తెర వెనుక చరిత్ర

వ్యాససంగ్రహం:

అమెరికన్ నాటకకర్త టెనెసీ విలియమ్స్ రచించిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్‌డ్ డిజైర్’ నాటకం 1947 డిసెంబరులో న్యూయార్క్ బ్రాడ్‌వే రంగస్థలంపై ప్రదర్శితమైంది. అదే దర్శకుని చేతులమీదుగా 1951లో చలనచిత్రంగా వెలువడింది. నాటకానికీ చిత్రానికీ నడుమ జరిగిన మార్పులలో కొన్ని మాధ్యమభేదం వల్ల కలిగినవి, కొన్ని నియంత్రణవ్యవస్థల ఒత్తిడి వల్ల కలిగినవి. ఈ రెండింటినీ వేరుచేసి చూడడం, కృతికి హక్కుదారు ఎవరన్న ప్రశ్నను ఆ చరిత్ర వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ప్రధానోద్దేశం. ఇందులో చారిత్రక, తులనాత్మక పద్ధతులను అనుసరించడం జరిగింది.

కీలక పదాలు: అమెరికన్ నాటకం, టెనెసీ విలియమ్స్, ఎలియా కజాన్, చలనచిత్ర అనుసరణ, సెన్సార్, పాఠభేదం.

1. ఉపోద్ఘాతం:

నాటకం చలనచిత్రంగా మారినపుడు ఏమి మిగిలింది, ఏమి పోయింది అని విమర్శకులు సాధారణంగా ప్రశ్నిస్తారు. పోయినదానిని ఎవరు తీసివేశారు, ఏ అధికారంతో తీసివేశారు అన్న ప్రశ్న అంతగా వినిపించదు. రచయిత తన ఇష్టంతో మార్చుకున్నదీ, దర్శకుడు కెమెరా అవసరం కొద్దీ మార్చినదీ, బయటివారు బలవంతంగా మార్పించినదీ ప్రేక్షకునికి ఒకే చిత్రంగా కనబడతాయి. వాటిని విడదీసి చూపగలిగేది తెర వెనుక చరిత్ర మాత్రమే.

ఇందుకు ‘స్ట్రీట్‌కార్’ తగిన ఉదాహరణ. ఇతివృత్తం క్లుప్తంగా ఇది. అమెరికా దక్షిణాది ప్రాంతంలోని ఒక పాత జమీందారీ కుటుంబంలో పుట్టిన బ్లాంచ్ డుబోయ్ ఆస్తినీ, ఉపాధ్యాయ ఉద్యోగాన్నీ, పరువునూ కోల్పోయి న్యూ ఆర్లీన్స్‌లోని చెల్లెలు స్టెల్లా ఇంటికి చేరుతుంది. స్టెల్లా భర్త స్టాన్లీ కొవాల్‌స్కీ పోలిష్ సంతతికి చెందిన శ్రామికుడు. ఇరుకైన రెండు గదుల ఇంటిలో బ్లాంచ్‌కూ స్టాన్లీకీ నడుమ వైరం ముదురుతుంది. స్టాన్లీ స్నేహితుడు మిచ్ బ్లాంచ్‌ను పెళ్లాడాలనుకుంటాడు. ఆమె గతాన్ని స్టాన్లీ బయటపెట్టడంతో ఆ ఆశ కూలిపోతుంది. స్టెల్లా ప్రసవానికి ఆసుపత్రికి వెళ్లిన రాత్రి స్టాన్లీ బ్లాంచ్‌పై అత్యాచారం చేస్తాడు. అక్క చెప్పిన మాటను నమ్మితే భర్తతో కాపురం చేయడం అసాధ్యం గనుక స్టెల్లా నమ్మకపోవడాన్నే ఎంచుకుంటుంది. బ్లాంచ్‌ను మానసిక చికిత్సాలయానికి పంపడంతో నాటకం ముగుస్తుంది. స్టెల్లా ఏడుస్తూనే స్టాన్లీ చేతుల్లో మిగిలిపోతుంది. ఈ ముగింపును గుర్తుంచుకోవాలి. తరువాతి వివాదంలో అధికభాగం దీని చుట్టూనే నడిచింది.

2. నాటకరచన – నేపథ్యం:

టెనెసీ విలియమ్స్ 1911లో మిసిసిపీ రాష్ట్రంలోని కొలంబస్‌లో జన్మించాడు. ఆయన సోదరి రోజ్ మానసిక వ్యాధితో బాధపడింది. 1943లో ఆమె మెదడుకు శస్త్రచికిత్స జరిగి, జీవితాంతం సంరక్షణలో ఉండవలసి వచ్చింది. మనసు దెబ్బతిన్న స్త్రీని కుటుంబమే దూరంగా పంపివేయడం ఆయన రచనలలో పలుమార్లు కనిపించే వస్తువు. ‘ది గ్లాస్ మెనాజరీ’ నాటకంలోని లారాలోను, బ్లాంచ్‌లోను ఈ వేదన నీడలు కనిపిస్తాయని విమర్శకులు చెబుతారు. అయితే బ్లాంచ్‌ను రోజ్‌కు ప్రతిరూపంగా మాత్రమే చదివితే పాత్ర పరిధి తగ్గిపోతుంది.

‘గ్లాస్ మెనాజరీ’ 1944 చివరలో షికాగోలో ప్రదర్శనకు సిద్ధమవుతున్న రోజులలోనే కొత్త నాటకానికి బీజం పడింది. వెన్నెల పడుతున్న కిటికీ పక్కన కుర్చీలో కూర్చుని, రాని ప్రియుని కోసం ఎదురుచూస్తున్న స్త్రీ రూపం రచయిత మనసులో మొదట మెదిలింది. రచనాక్రమంలో నాటకానికి ‘ది మాత్’, ‘బ్లాంచెస్ చెయిర్ ఇన్ ది మూన్’, ‘ది పోకర్ నైట్’ అన్న పేర్లు మారుతూ వచ్చాయి. మొదటి రెండు పేర్లు బ్లాంచ్‌ను కేంద్రంలో ఉంచుతాయి; మూడవది స్టాన్లీ ప్రపంచాన్ని ముందుకు తెస్తుంది. నాటకం ఎవరిదన్న సందిగ్ధత శీర్షికల దశలోనే ఉన్నదని దీనిని బట్టి గ్రహించవచ్చు.

తుది శీర్షిక న్యూ ఆర్లీన్స్ వీధులలో దొరికింది. అక్కడ ‘డిజైర్’ అనే వీధి పేరుతో ఒక ట్రామ్ మార్గం నిజంగానే ఉండేది. ‘సెమెటరీస్’ అనే మరో మార్గమూ, ‘ఎలీజియన్ ఫీల్డ్స్’ అనే వీధీ ఉన్నాయి. కోరిక, శ్మశానం, గ్రీకు పురాణాలలోని పుణ్యలోకం – ఈ మూడూ ఒక నగరపు దారిసూచికలపై సిద్ధంగా కనిపించాయి. రచయిత వాటిని ప్రతీకలుగా మలచి బ్లాంచ్ ప్రయాణమార్గం చేశాడు. నాటకం ప్రదర్శితమైన మరుసటి ఏడాది, 1948లో, డిజైర్ మార్గంలో ట్రాములు నిలిచిపోయి బస్సులు వచ్చాయి.

3. రంగస్థల ప్రదర్శన:

నాటకాన్ని నిర్మించిన ఐరీన్ మేయర్ సెల్జ్‌నిక్ హాలీవుడ్ అధిపతి లూయీ బి. మేయర్ కుమార్తె, ‘గాన్ విత్ ద విండ్’ నిర్మాత డేవిడ్ సెల్జ్‌నిక్ భార్య. అప్పటికి భర్త నుండి విడిగా ఉంటూ, నాటకనిర్మాతగా స్వతంత్ర జీవితాన్ని ప్రారంభించింది. 1947 వసంతంలో చార్ల్స్‌టన్ నగరంలో విలియమ్స్‌నూ, ఆయన ప్రతినిధి ఆడ్రీ వుడ్‌నూ కలిసి ఒప్పందం కుదుర్చుకుంది. ఆ సంగతి బయటకు పొక్కకుండా, బ్లాంచ్ తమ ఇంటికి వచ్చిందన్న అర్థం వచ్చే సంకేతపు మాటలతో తన కార్యాలయానికి తంతి పంపింది.

దర్శకునిగా ఎలియా కజాన్ కావాలని పట్టుబట్టినవాడు రచయితే. ఆర్థర్ మిల్లర్ ‘ఆల్ మై సన్స్’ ప్రదర్శనలో కజాన్ పనితనం విలియమ్స్‌ను ఆకర్షించింది. ఇస్తాంబుల్‌లో గ్రీకు కుటుంబంలో పుట్టి, బాల్యంలోనే అమెరికా చేరిన కజాన్ గ్రూప్ థియేటర్‌లో తయారైనవాడు. 1947లోనే ఆయన మరో ఇద్దరితో కలిసి ‘యాక్టర్స్ స్టూడియో’ను స్థాపించాడు. ప్రతి పాత్రకూ దాని నడవడిని నిర్దేశించే వెన్నెముకవంటి ఒక మూలకాంక్ష ఉంటుందన్నది ఆయన దర్శకత్వ సూత్రం. బ్లాంచ్ విషయంలో ఆయన దానిని రక్షణ కోసం వెతుకులాటగా గుర్తించి తన నోటుపుస్తకంలో రాసుకున్నాడు.

బ్లాంచ్ పాత్ర ఆంగ్ల నటి జెస్సికా టాండీకి దక్కింది. విలియమ్స్ ఏకాంకిక ‘పోర్ట్రెయిట్ ఆఫ్ ఎ మడోన్నా’ను ఆమె భర్త హ్యూమ్ క్రోనిన్ లాస్ ఏంజెలిస్‌లో దర్శకత్వం వహించి ప్రదర్శించగా, ఆమె అభినయం రచయితను ఒప్పించింది. స్టాన్లీ పాత్రకు మొదట అనుకున్నది ప్రసిద్ధ సినీనటుడు జాన్ గార్‌ఫీల్డ్‌ను. షరతులు కుదరకపోవడంతో ఆ ఏర్పాటు నిలిచిపోయింది. అప్పుడు కజాన్ 23 ఏళ్ల మార్లన్ బ్రాండోకు దారిఖర్చులు ఇచ్చి, మసాచుసెట్స్‌లోని ప్రొవిన్స్‌టౌన్‌లో ఉన్న రచయిత దగ్గరకు పంపాడు. బ్రాండో చేరేసరికి ఆ ఇంటిలో కరెంటు లేదు, నీటిగొట్టాలు పాడైపోయి ఉన్నాయి. అతడు ముందు వాటిని బాగుచేసి, ఆ తరువాత పాత్రను చదివి వినిపించాడు.

ఈ ఉదంతాన్ని చాలామంది వినోదం కోసం చెప్పుకుంటారు. దీనికి నాటకార్థంతో సంబంధం ఉంది. స్టాన్లీ పాత్రను అనుకున్నదానికన్నా చిన్న వయసు నటుడు ధరిస్తే, అతని క్రూరత్వం పండిన దుర్మార్గంగా గాక యౌవనపు మొరటుతనంగా కనిపిస్తుందని విలియమ్స్ తన ప్రతినిధికి రాసిన లేఖలో సంతోషించాడు. ఎవరినీ పూర్తి దోషిగా నిలబెట్టకూడదన్నది ఆయన అభిమతం. నటుని ఎంపిక ఇక్కడ పాత్రకు కొత్త వ్యాఖ్యానమైంది.

న్యూ హేవెన్, బోస్టన్, ఫిలడెల్ఫియాలలో ముందస్తు ప్రదర్శనల తరువాత, 1947 డిసెంబరు 3న బ్రాడ్‌వేలోని ఎథెల్ బారీమోర్ థియేటర్‌లో నాటకం ప్రారంభమైంది. స్టెల్లాగా కిమ్ హంటర్, మిచ్‌గా కార్ల్ మాల్డెన్ నటించారు. జో మీల్‌జినర్ రూపొందించిన రంగాలంకరణలో పలుచని తెరగోడల గుండా ఇంటి లోపలి గది, వెలుపలి వీధి రెండూ ఒకేసారి కనిపించేవి. నాటకం 855 ప్రదర్శనలు పూర్తి చేసుకుంది; 1948లో పులిట్జర్ పురస్కారం పొందింది.

ఈ విజయంలోనే ఒక సమస్య తలెత్తింది. బ్రాండో ఆకర్షణశక్తి వల్ల ప్రేక్షకులు స్టాన్లీ పక్షం చేరి బ్లాంచ్‌ను చూసి నవ్వసాగారు. ఈ ప్రదర్శనలో నాటకం బ్లాంచ్ విషాదంగా గాక స్టాన్లీ విజయంగా మారే ప్రమాదం ఉందని విమర్శకుడు హెరాల్డ్ క్లర్మన్ హెచ్చరించాడు. తరువాత సంచార బృందానికి తానే దర్శకత్వం వహించి, యూటా హేగన్‌ను బ్లాంచ్‌గా నిలిపి, తూకాన్ని ఆమె వైపు మళ్లించాడు. లండన్‌లో 1949లో లారెన్స్ ఒలీవియర్ దర్శకత్వంలో అతని భార్య వివియన్ లీ బ్లాంచ్ పాత్ర ధరించింది. అక్కడ నాటకాలకు అనుమతినిచ్చే లార్డ్ చాంబర్లేన్ కార్యాలయం బ్లాంచ్ భర్త స్వలింగాసక్తి ప్రస్తావనపై అభ్యంతరం చెప్పింది. హాలీవుడ్‌లో రాబోయే చిక్కులకు అది ముందస్తు సూచన.

4. నాటకం నుండి చలనచిత్రానికి:

నిర్మాత చార్ల్స్ ఫెల్డ్‌మన్ వార్నర్ బ్రదర్స్ సంస్థతో కలిసి చిత్రనిర్మాణానికి పూనుకున్నాడు. ఒకసారి చేసిన నాటకాన్ని మళ్లీ చేయడానికి కజాన్ మొదట ఇష్టపడలేదు. ఒప్పుకున్న తరువాత, బ్లాంచ్ స్వగ్రామంలోని ఘటనలను దృశ్యాలుగా చూపి కథను విస్తరింపజేయాలని ప్రయత్నించాడు. స్క్రిప్టు తయారయ్యాక అది పేలవంగా తోచి, పక్కన పెట్టాడు. రంగస్థల పాఠానికే తిరిగివచ్చాడు. నాటకబలం ఇరుకు గదులలోనే ఉందన్న నిర్ణయం అది. అందుకే చిత్రంలో కథ సాగేకొద్దీ గది గోడలు దగ్గరకు జరిగేలా సెట్‌ను ఏర్పాటు చేయించాడు. బ్లాంచ్‌కు ఊపిరాడని స్థితి ఆ విధంగా కంటికి కనబడింది. ఇది మాధ్యమం ఇచ్చిన వీలును వాడుకుని దర్శకుడు స్వేచ్ఛగా చేసిన మార్పు.

ప్రధాన నటులు నలుగురిలో ముగ్గురు బ్రాడ్‌వే బృందం నుండే వచ్చారు. సినీప్రేక్షకులకు పరిచయమున్న తార ఉండాలన్న వాణిజ్య కారణంతో జెస్సికా టాండీ స్థానంలో వివియన్ లీని తీసుకున్నారు. డార్జిలింగ్‌లో జన్మించిన లీ అప్పటికే ‘గాన్ విత్ ద విండ్’లో దక్షిణాది యువతి స్కార్లెట్‌గా ఆస్కార్ అందుకుంది. లండన్‌లో భర్త దర్శకత్వంలో చేసిన తీరును ఆమె చిత్రీకరణ తొలిరోజులలో ప్రస్తావిస్తూ ఉండడంతో కజాన్‌తో కొంత ఘర్షణ జరిగింది. క్రమంగా ఇద్దరికీ సఖ్యత కుదిరింది. పాత పద్ధతిలో శిక్షణ పొందిన నటి కొత్త పద్ధతి నటుల నడుమ ఒంటరిగా నిలవడం, కథలో బ్లాంచ్ ఒంటరితనానికి తోడ్పడింది. అలెక్స్ నార్త్ సమకూర్చిన జాజ్ ఆధారిత సంగీతం ఆనాటి హాలీవుడ్ నేపథ్యసంగీతంలో కొత్త పోకడ.

5. నియమావళితో సంఘర్షణ:

అమెరికన్ చలనచిత్రాలు 1934 నుండి ‘ప్రొడక్షన్ కోడ్’ అనే నైతిక నియమావళికి కట్టుబడవలసి వచ్చింది. ఇది ప్రభుత్వ చట్టం కాదు. పరిశ్రమ తనకు తానే విధించుకున్నది. దానిని అమలుచేసే కార్యాలయానికి జోసెఫ్ బ్రీన్ అధిపతి. చలనచిత్రాలకు రాజ్యాంగంలోని భావప్రకటన స్వేచ్ఛ వర్తించదని 1915లో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చి ఉంది. నాటకానికి లేని బంధనం చిత్రానికి ఉండడానికి ఇదే మూలం.

బ్రీన్ కార్యాలయం మూడు అంశాలపై అభ్యంతరం తెలిపింది. ఒకటి, బ్లాంచ్ భర్త స్వలింగాసక్తి. రెండు, బ్లాంచ్ లైంగిక ప్రవర్తన. మూడు, స్టాన్లీ చేసిన అత్యాచారం. మొదటి విషయంలో రచయిత, దర్శకుడు రాజీపడ్డారు. నాటకంలో బ్లాంచ్ తన భర్తను మరో పురుషునితో చూస్తుంది. ఆ తరువాత ఆమె అన్న మాట అతని ఆత్మహత్యకు దారితీస్తుంది. చిత్రంలో అతడు కవిత్వం రాసే, ఏ ఉద్యోగంలోనూ నిలవలేని బలహీనుడు. ఆమె అతనిపై గౌరవం పోయిందని అంటుంది. అతడు కాల్చుకుంటాడు. కారణం మసకబారడంతో బ్లాంచ్ అపరాధభావం లోతు తగ్గింది.

మూడవ విషయంలో మాత్రం విలియమ్స్ వెనుకకు తగ్గలేదు. అత్యాచారాన్ని తొలగిస్తే నాటకానికి అర్థమే పోతుందని, సున్నితమైన మనుషులను ఆధునిక సమాజంలోని క్రూరశక్తులు నలిపివేయడమే ఈ కృతి సారమని 1950లో బ్రీన్‌కు లేఖ రాశాడు. చివరకు ఒక రాజీ కుదిరింది. అత్యాచారాన్ని సూచనప్రాయంగా ఉంచవచ్చు, అయితే దోషికి శిక్ష పడాలి. పగిలిన అద్దం, వెంటనే వీధిని కడుగుతున్న నీటిధార – ఈ రెండు దృశ్యాలతో కజాన్ ఆ ఘటనను చూపాడు. శిక్షగా స్టెల్లా స్టాన్లీని విడిచిపెడుతుంది. బిడ్డను ఎత్తుకుని, ఇక ఆ ఇంటికి తిరిగిరానన్న భావం పలికి, పైఅంతస్తులోని పొరుగింటికి వెళుతుంది.

ఈ మార్పు పర్యవసానం ఆలోచించదగినది. నాటకంలో స్టెల్లా ఉండిపోవడం ఒక అభియోగం. సంసారం నిలవడానికి సత్యాన్ని బలిపెట్టే లోకరీతిపై వేసిన అభియోగం అది. చిత్రంలో న్యాయం జరిగినట్టు తోచడంతో ప్రేక్షకుడు నిశ్చింతగా ఇంటికి వెళ్లగలడు. నీతిని కాపాడవలసిన నియమం నాటకంలోని కఠినమైన నైతిక ప్రశ్నను తుడిచివేసింది. అయితే చిత్రం లోపలే దీనికి ఒక ప్రతివాదం ఉంది. పేకాట రాత్రి స్టాన్లీ కొట్టినపుడు స్టెల్లా వెళ్లినది ఆ పైఇంటికే. అతడు కింద నిలబడి ఏడుస్తూ పిలువగా దిగి వచ్చినదీ ఆ మెట్ల మీదుగానే. అది గుర్తున్న ప్రేక్షకునికి చివరి నిష్క్రమణ శాశ్వతమన్న నమ్మకం కుదరదు. నియమావళి అక్షరాలను పాటిస్తూనే, అర్థాన్ని కొంత దక్కించుకున్న తీరు ఇది.

6. దర్శకునికి తెలియని కత్తిరింపులు:

బ్రీన్ కార్యాలయం అనుమతి లభించడంతో చిత్రం పూర్తయిందని కజాన్ భావించాడు. అసలు దెబ్బ ఆ తరువాత పడింది. ‘లీజియన్ ఆఫ్ డీసెన్సీ’ అనే కాథలిక్ సంస్థ చిత్రాలను వర్గీకరించేది. ‘సి’ వర్గంలో చేరితే అది ఖండిత చిత్రం, భక్తులు చూడరాదు. ‘స్ట్రీట్‌కార్’కు ఆ ముద్ర పడనున్నదని తెలిసి వార్నర్ సంస్థ భయపడింది. కజాన్‌కు తెలియజేయకుండా ఎడిటర్ డేవిడ్ వైస్‌బార్ట్‌ను న్యూయార్క్ పంపింది. మధ్యవర్తిగా వ్యవహరించిన మార్టిన్ క్విగ్లీ సినీవాణిజ్య పత్రికల అధిపతి, ప్రొడక్షన్ కోడ్ రచనలో భాగస్వామి. 12 చోట్ల కోతలు పడి, సుమారు నాలుగు నిమిషాల నిడివి పోయింది.

కోతల స్వభావాన్ని గమనిస్తే నియంత్రణ దృష్టి బోధపడుతుంది. స్టెల్లా మెట్లు దిగివచ్చే దృశ్యంలో ఆమె ముఖంలోని కోరికను చూపే సమీపదృశ్యాలను తొలగించి, దూరం నుండి తీసిన దృశ్యాన్ని ఉంచారు. అక్కడి జాజ్ సంగీతాన్ని కూడా మార్చారు. చందా కోసం వచ్చిన యువకునితో బ్లాంచ్ పలికిన మాటలలో ఒక చిన్న పదబంధం పోయింది. అత్యాచారానికి ముందు స్టాన్లీ మాటలు తగ్గాయి. నగ్నత్వమో బూతు మాటో ఇక్కడ లేదు. వివాహిత స్త్రీకి తన భర్తపై ఉన్న కాంక్షను కూడా తెరపై చూపరాదన్నదే ఆ కోత సారాంశం. ఆ కాంక్ష కనబడకపోతే స్టెల్లా ఎందుకు తిరిగివస్తున్నదో ప్రేక్షకునికి అర్థం కాదు. ఒక ముఖకవళికను తొలగించడంతో పాత్ర ప్రేరణ తొలగిపోయింది.

విషయం తెలిసిన కజాన్ నిరసన తెలిపాడు. కళావసరాలకన్నా నైతికవ్యవస్థకే ప్రాధాన్యమన్నది క్విగ్లీ వాదం. తుదికూర్పుపై హక్కు ఒప్పందంలో లేకపోవడం వల్ల దర్శకుడు చేయగలిగింది లేకపోయింది. 1951 అక్టోబరు 21న న్యూయార్క్ టైమ్స్‌లో వ్యాసం రాసి, జరిగినదంతా ప్రజల ముందుంచాడు. ఒక మతస్థుల కోసం ఏర్పడిన సంస్థ, ఆ మతానికి చెందనివారు చూసే చిత్రాన్ని కూడా శాసించడం ఎంతవరకు సమంజసమన్నది ఆయన ప్రశ్న.

7. నిరసనకారుని మరో ముఖం:

1952లో ఈ చిత్రానికి 12 ఆస్కార్ ప్రతిపాదనలు వచ్చాయి. వివియన్ లీ, కిమ్ హంటర్, కార్ల్ మాల్డెన్‌లకు నటనా పురస్కారాలు, కళాదర్శకత్వానికి మరొకటి లభించాయి. బ్రాండోకు దక్కలేదు. అదే సంవత్సరం మే 26న, రోసెల్లినీ చిత్రం ‘ది మిరకిల్’ వ్యాజ్యంలో చలనచిత్రాలకు భావప్రకటన స్వేచ్ఛ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ప్రకటించి, 1915 నాటి తీర్పును పక్కనపెట్టింది.

అయితే ఆ ఏడాది ఏప్రిల్‌లోనే కజాన్ ప్రతినిధుల సభకు చెందిన అమెరికా వ్యతిరేక కార్యకలాపాల విచారణ సంఘం ముందు హాజరై, గ్రూప్ థియేటర్ కాలంలో కమ్యూనిస్టులుగా ఉన్న ఎనిమిది మంది పాత సహచరుల పేర్లు వెల్లడించాడు. తన చిత్రంలో కొన్ని నిమిషాలు పోయినందుకు పత్రికకెక్కిన మనిషి, తోటి కళాకారుల జీవనాధారం పోయే పనికి సహకరించాడు. స్టాన్లీ పాత్రకు తొలుత ఎంపికైన గార్‌ఫీల్డ్ పేర్లు చెప్పడానికి నిరాకరించి, అవకాశాలు కోల్పోయి, ఆ మే 21న 39 ఏళ్లకే గుండెపోటుతో మరణించాడు. ఆస్కార్ పొందిన కిమ్ హంటర్ కూడా బహిష్కృతుల జాబితా కారణంగా కొన్నేళ్లు సినిమాలకు దూరమైంది. కజాన్ వ్యాసంలోని వాదన దీనితో అసత్యమైపోదు. కాని ఆయనను కళాస్వేచ్ఛకు నిష్కళంక వీరునిగా చిత్రించడం చరిత్రకు న్యాయం చేయదు.

8. పునరుద్ధరణ – పాఠపరిష్కరణ దృష్టి:

తొలగించిన భాగాలు నశించిపోలేదు. వార్నర్ సంస్థ భాండాగారంలో నాలుగు దశాబ్దాల తరువాత బయటపడ్డాయి. వాటిని చేర్చిన ప్రతి 1993లో విడుదలైంది. అప్పటికి విలియమ్స్ మరణించి పదేళ్లు. వివియన్ లీ 1967లోనే మరణించింది. తాళపత్రాలలో ప్రక్షిప్తాలనూ లుప్తభాగాలనూ గుర్తించే తెలుగు పరిశోధకునికి ఈ ప్రక్రియ కొత్తగా తోచదు. ఇక్కడ మనకు మూడు పాఠాలు లభిస్తున్నాయి: 1947 నాటక పాఠం, 1951 ప్రచార పాఠం, 1993 పరిష్కృత పాఠం.

పరిష్కృత పాఠాన్ని మూలపాఠంగా భావించడం సరికాదు. అది బ్రీన్ కార్యాలయంతో రాజీపడిన తరువాతి, లీజియన్ కోతలకు ముందటి స్థితి. బ్లాంచ్ భర్త కథ అందులోనూ మసకగానే ఉంది. స్టెల్లా నిష్క్రమణ అలాగే ఉంది. కత్తెరతో తీసినదానిని అతికించవచ్చు. రచనాదశలోనే రాయకుండా ఆపినదానిని ఏ భాండాగారమూ తిరిగి ఇవ్వలేదు.

9. ముగింపు:

1. నాటకానికీ చిత్రానికీ మధ్య మార్పులు మూడు విధాలు: మాధ్యమం వల్ల కలిగినవి (దగ్గరకు జరిగే గోడలు), వాణిజ్యం వల్ల కలిగినవి (టాండీ స్థానంలో లీ), నియంత్రణ వల్ల కలిగినవి (ముగింపు, భర్త కథ, కోతలు). వీటిని ఒకే గాటన కట్టి అనుసరణ గుణదోషాలను నిర్ణయించడం సరికాదు.

2. చట్టబద్ధమైన నిషేధం లేకుండానే, ఆర్థికనష్ట భయం ద్వారా నియంత్రణ పనిచేసింది. ఇక్కడ కత్తెర పట్టినది నిర్మాణసంస్థే.

3. బహిరంగంగా జరిగిన కోతకన్నా, రచనాదశలో కుదిరిన రాజీ కృతిపై శాశ్వతమైన ముద్ర వేసింది.

నాటకంలో బ్లాంచ్ చెప్పిన నిజాన్ని చెల్లెలు వినడానికి సిద్ధపడదు. చిత్రం విషయంలో ఆ నిజాన్ని పూర్తిగా వినిపించనివ్వడానికి నియంత్రకులు సిద్ధపడలేదు. ఈ కృతిని బోధించేవారు నాటకాన్నీ, రెండు చిత్రపాఠాలనూ పక్కపక్కన ఉంచి చదివించినపుడే విద్యార్థికి ఈ సంగతి తెలిసివస్తుంది.